మూడో శంఖం

యాభై రెండేళ్ళుగా ఈ కనుమలో తిరుగుతున్నాను, ఇంతవరకూ ఒక్క ముల్లు నా ఒంటిని ముట్టుకోలేదు. నేను వస్తుంటే జెముడు స్తంభాలే పక్కకు ఒత్తిగిల్లి దారి ఇస్తాయి. నమ్మకపోతే మా సాన్ హసింతో ఊళ్ళో ఎవరినైనా అడగండి. సరే, ఇది నా కథ కాదు, ఒతీలియా కథ. నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని టికెట్లు చింపే ముసలివాణ్ణి, అంతే.

ఒతీలియాకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. కనుమలోకి జనాన్ని తీసుకెళ్ళే వాళ్ళ లిస్టులోకి ఎక్కిన మొదటి ఆడపిల్ల. దానికోసం రెండేళ్ళు ఊరి సభలో నిలబడి మాట్లాడింది. "ఆడపిల్లకి మొహమాటం ఎక్కువ. తెలిసినవాడు తప్పు చేస్తే చూసీ చూడనట్టు వదిలేస్తుంది" అన్నారు మగవాళ్ళు. చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఒక్కసారి అలా వదిలేసినా ఆమె పేరు కొట్టేస్తారు, ఇక మరే ఆడపిల్ల పేరూ ఆ లిస్టు ఎక్కదు.

ఒకప్పుడు మా కనుమ సముద్రం అడుగున ఉండేది. శంఖాలన్నీ రాళ్ళైపోయి నేలంతా పరుచుకుని ఉంటాయి. చుట్టి రావడానికి గంట చాలు. వచ్చేవాళ్ళకి నియమం ఒక్కటే. శంఖం ఎవరైనా జేబులో వేసుకుంటే, వాళ్ళే నడిచి వెళ్ళి ఎక్కడ తీశారో అక్కడే పెట్టి రావాలి. ఒకసారి, రెండుసార్లు అలా. మూడోసారి దొరికితే వెంట వెళ్ళినవాళ్ళు గేటు పుస్తకంలో పేరు రాయాలి, సభలో ఆ పేరు చదువుతారు. ఆ మనిషి ఇక ఊరి ఉమ్మడి నేల మీద కాలు పెట్టకూడదు. మా దగ్గర ఉమ్మడి కానిది పడుకునే మంచం ఒక్కటే. దారీ బావీ చర్చీ అన్నీ ఉమ్మడే.

ఎలిసేయో తెవకాన్ పట్నం వాడు. గురువారం గురువారం ట్రక్కులో సోడా పెట్టెలు తెచ్చి మా కొట్లో దించి పోయేవాడు. ఒకరోజు పని తొందరగా అయిపోయి, టికెట్టు కొన్నాడు. ఆ రోజు వంతు ఒతీలియాది. తిరిగి వచ్చాక గేటు దగ్గర ఆపింది.

"జేబులు చూపించండి."

"ఎందుకు? మీ కొండేమైనా తగ్గిందా?"

"కొండ తగ్గలేదు. మీ ఎడమ జేబు పెరిగింది."

జేబులోంచి వేలెడు శంఖం బయటికి వచ్చింది.

"ఒక్కటే కదండీ! లక్షలున్నాయి లోపల."

"లక్షమంది వచ్చి మీలాగే ఒక్కటే కదా అంటే?"

"సరే, ఇదిగో ఇక్కడ పెట్టేస్తున్నా."

"ఇక్కడ కాదు. తీసినచోట. పదండి."

"ఈ ఎండలోనా? బండిలో నా సోడాలు పేలిపోతాయి!"

"పేలితే ఇక్కడికి వినిపిస్తుంది లెండి. నడవండి."

నడిచాడు. కోపంతో దారి వదిలి నడిచాడు కాబట్టి, తాకితే చాలు వదలని ముళ్ళ ఉండ జెముడు ఒకటి వచ్చి పిక్కకు అంటుకుంది. చేత్తో లాగబోయాడు, చేతికీ అంటుకుంది. ఒతీలియా సంచిలోంచి దువ్వెన తీసి, ఉండ కింద దూర్చి, ఒక్క విసురుతో ఎగరగొట్టింది.

"ఏడుస్తున్నారా?"

"చెమట."

"కళ్ళలోంచా?"

ఈ దువ్వెన ఉపాయం ఆమెకు నేర్పింది నేనే. ఇందాక నన్ను ముల్లు ముట్టుకోలేదని అన్నాను కదూ? శుద్ధ అబద్ధం. ఒకసారి రాయి అనుకుని కూర్చున్నది రాయి కాదు. మా ఆవిడ, వాళ్ళ చెల్లెలు, రెండు దువ్వెనలు పట్టుకుని మధ్యాహ్నం దాకా తంటాలు పడ్డారు. ఊరంతా వచ్చి చూసింది. అందుకే ఎవరినైనా అడగండి అన్నాను.

మరుసటి గురువారం ఎలిసేయో మళ్ళీ వచ్చి టికెట్టు కొన్నాడు. ఈసారి తిరిగి రాగానే, ఒతీలియా అడగకముందే జేబులోంచి శంఖం తీసి గేటు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తీశానండీ. తప్పే. పదండి, నడుద్దాం."

"సిగ్గులేదూ?"

"ఉంటే మొదటిసారే ఆగిపోయేవాణ్ణి."

వాళ్ళు లోపలికి వెళ్ళాక వాన వచ్చింది. మా దగ్గర వాన అంటే ఏడాదికి నాలుగైదు సార్లు వచ్చే చుట్టం. ఇద్దరూ ముందుకు వంగిన ఒక బండ కింద నిలబడ్డారు. ఆ బండ ఒకరికి సరిపోతుంది. ఇద్దరికి సరిపోవాలంటే ఒకరి భుజం తడవాలి. అతను తన భుజం బయట పెట్టాడు. ఆమె చూడనట్టు చూసింది.

"మీకు శంఖాలంటే అంత పిచ్చా?" అంది.

"శంఖాలతో నాకేం పని? టికెట్టుకి ఒక్క నడకే ఇస్తాడు గేటు దగ్గరి మీ తాత. నాకు రెండు కావాలి."

ఆమె చెయ్యి చాచి వాన నీళ్ళు పట్టింది. తర్వాత, "ఇది రెండోది. ఇంకొకటి తీస్తే నేను కూడా ఏం చెయ్యలేను" అంది.

"రాయకుండా ఉంటే?"

"రాస్తాను."

"నా పేరైనా?"

"మా నాన్న పేరైనా."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అక్కడే దెబ్బతిన్నాడు అబ్బాయి. నవ్వుతూ అన్న మాట కాబట్టి నవ్వులాట అనుకున్నాడు.

ఆ తర్వాత శంఖాలతో పని లేకపోయింది. సెలవు రోజుల్లో ఊరికే వచ్చేవాడు. జెముడు పళ్ళ కాలంలో పొడుగాటి వెదురు కర్ర పట్టుకుని ఒతీలియా వాళ్ళ నాన్న నికనోర్‌తో కలిసి పళ్ళు కోశాడు. కోసినవాటిలో సగం తన నెత్తి మీదే పడేసుకుని ఎర్రగా తడిసిపోతే, నికనోర్ పొట్ట పట్టుకుని నవ్వి, "వీణ్ణి చూస్తే దేవుడు మనకి వినోదం కోసం పంపినట్టుందే" అన్నాడు. మావాళ్ళలో అది సగం ఒప్పుకున్నట్టే.

మిగిలిన సగం రొట్టెల బుట్టతో తేలుతుంది. అబ్బాయి తల్లి బుట్టనిండా తీపి రొట్టెలు పట్టుకొస్తుంది. పిల్ల తండ్రి ఆ బుట్ట లోపలికి తీసుకుంటే పెళ్ళి ఖాయం. రొట్టెలు అలాగే వెనక్కి వెళితే, ఆ గుమ్మం ఇంకెప్పుడూ తొక్కరు.

అక్టోబరులో ఒక ఆదివారం ఎలిసేయో తల్లి ఎన్‌గ్రాసియా రొట్టెల బుట్టతో, రెండు సీమకోళ్ళతో దిగింది. పెద్దలు కొందరు గేటు దగ్గరే ఎదురొచ్చారు. అందరూ చేరేలోపు కనుమలో ఒక్క చుట్టు చుట్టొస్తానని ఎలిసేయో టికెట్టు కొన్నాడు. ఒతీలియా కొత్త పరికిణీ కట్టుకునే వెంట వెళ్ళింది. గంటకి తిరిగొచ్చారు, ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

"జేబులు" అంది ఆమె, ఆట కోసం. అందరూ నవ్వారు. ఆమె చెయ్యి అతని ఎడమ జేబు మీద పడింది. అక్కడే ఆగిపోయింది.

"ఏం పని ఇది?" అంది, పెదవులు కదపకుండా.

"మళ్ళీ నడిపిస్తావని. పెద్దవాళ్ళ కంటే ముందు అక్కడ నేనే అడుగుదామని. ఇవాళ రాయవులే అనుకున్నా."

నా కుర్చీ వాళ్ళకి మూడు మూరల దూరం. అంతా విన్నాను. విని నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె చెయ్యి తీసేసి "ఏం లేదు" అంటే అయిపోయేది. కానీ నికనోర్ వెనక ముగ్గురు ఆడపిల్లలు మునికాళ్ళ మీద నిలబడి ఒతీలియానే చూస్తున్నారు. వచ్చే సభలో లిస్టుకి వాళ్ళ పేర్లు రాబోతున్నాయి.

ఎలిసేయో ఆమె ముఖం చూశాడు. ఆ ముఖంలో రక్తం లేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, బండ కింద ఆమె అన్న మాట. నెమ్మదిగా ఆమె చెయ్యి పక్కకు తీసి, శంఖం తనే బయటికి లాగి బల్ల మీద పెట్టాడు.

"మూడోదండీ. రాయండి."

ఆమె రాసింది. అక్షరాలు వంకర పోలేదు.

నికనోర్ టోపీ తీసి ఎన్‌గ్రాసియా ముందు తలవంచాడు. "అమ్మా, మన్నించండి. సభలో పేరు చదవాల్సిన మనిషి రొట్టె నేనెలా అందుకోను?" ఆవిడ రొట్టెల మీద గుడ్డ సర్ది బుట్ట ఎత్తుకుంది.

నియమం నియమమే కాబట్టి శంఖం పెట్టడానికి ఇద్దరూ మళ్ళీ నడిచారు.

"కోపంగా ఉందా?" అంది ఒతీలియా.

"కోపం ఉంటే బాగుండేది. నడక తొందరగా అయిపోయేది."

"ఎంత పని చేశావురా, పిచ్చోడా."

"నాతో వచ్చెయ్."

"వస్తే రేపు సభలో ఆ ముగ్గురి పేర్లు లిస్టు ఎవడు ఎక్కనిస్తాడు? చూశారా, ఆడపిల్ల చివరికి ఏం చేసిందో అంటారు."

"తెలుసు" అన్నాడు అతను. "అడక్కపోతే జీవితమంతా అడగలేదని ఏడుస్తావని అడిగాను."

శంఖం నేల మీద పెట్టాడు. "కొన అటువైపు" అంది ఆమె. తిప్పి పెట్టాడు.

"ఇంకా?"

"అంతే."

తీసుకెళ్ళిన మనిషిని గేటు దాటించి పంపాలన్నది కూడా నియమమే. ఆ ఒక్కటి ఒతీలియా తప్పింది. అక్కడే కూలబడిపోయింది. ఎలిసేయో ఒక్కడే బయటికి వచ్చి, తల్లిని ట్రక్కు ఎక్కించి వెళ్ళిపోయాడు. ఆ తప్పు నేను ఎవరికీ చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా వచ్చింది. బావి దగ్గర ముఖం కడుక్కుని నా కుర్చీ పక్కన నిలబడింది.

"తాతా, వెనక్కి చూశాడా?"

"చూశాడమ్మా. మలుపు దగ్గర బండి ఆపాడు. దిగి, టోపీ తీసి, కనుమ వైపు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు."

తల ఊపింది. ఇంటికి వెళ్ళిపోయింది.

మరుసటి గురువారం నుంచి సోడాలు వేరే డ్రైవరు తెచ్చాడు. రెండేళ్ళకి ఎలిసేయోకి పెళ్ళయిందని ఆ డ్రైవరే చెప్పాడు. ఆ ముగ్గురు పిల్లలూ లిస్టు ఎక్కారు. ఇవాళ పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. ఒతీలియాకి మరో రెండు బుట్టలు వచ్చాయి. రెండింటినీ తనే గుమ్మం నుంచి మర్యాదగా వెనక్కి పంపింది. ఇప్పుడు ఆమె జుట్టు కూడా నెరుస్తోంది. జనం లేని రోజున నా పక్కన కూర్చుని, ఏవేవో మాట్లాడి, మధ్యలో ఉన్నట్టుండి అడుగుతుంది.

"టోపీ తీశాడన్నావు కదా తాతా, ఏ చేత్తో?"

"కుడిచేత్తో."

ఈ కథలో మిగతాదంతా జరిగిందే. వాన కూడా నిజమే, మా ఊళ్ళో వాన అంటే ఎవరూ నమ్మరు గానీ. నేను కల్పించింది ఒక్కటే, ఆ టోపీ. బండి ఆగలేదు.