పిసరు నోరు తెరిచినప్పుడల్లా

ఒంటిపూట బడి వదలగానే శాలిని ఇంటికి పరుగెత్తింది. బ్యాగు హాల్లో పడేసి, తిన్నగా వంటింట్లోకి వెళ్లింది.

"చేతులు!" అన్నాడు నాన్న జాన్సన్, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ.

"సబ్బుతోనే కడుక్కుంటున్నా నాన్నా!"

హాలు మూలలో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోంచి కిర్రు కిర్రుమని కూత వినిపించింది. అందులో మెత్తటి కాగితం ముక్కల మీద పిసరు కూర్చుని ఉంది.

పిసరు ఒక బడ్జీ పిల్ల. అందరూ లవ్ బర్డ్స్ అని పిలిచే చిన్న చిలకలు ఉంటాయే, అవే బడ్జీలు. జాన్సన్‌ది ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో షిఫ్టు ఉద్యోగం. ఖాళీ దొరికితే డాబా మీద బడ్జీల దగ్గరే ఉంటాడు. ఒక గూట్లో అన్నిటికన్నా చివర పుట్టిన పిల్ల ఇది. పెద్ద పిల్లలు దీన్ని తొక్కేస్తుండేవి. తల్లి కూడా దీనికి మేత పెట్టడం మానేసింది. అందుకని జాన్సన్ దాన్ని కిందికి తెచ్చాడు.

"ఇదేంట్రా, పిసరంత ఉంది!" అంది మామ్మ శౌరమ్మ దాన్ని చూసి. అదే దాని పేరైపోయింది.

పిసరుకి ఈకలు ఇంకా విచ్చుకోలేదు. ఒంటి నిండా చిన్న చిన్న ముళ్లలా మొలుస్తున్నాయి. తల పెద్దది, మెడ సన్నం. బడ్జీ పిల్ల అంటే ఎంత ముద్దుగా ఉంటుందో అనుకుని చూసేవాళ్లు ముందు కొంచెం వెనక్కి తగ్గుతారు. శాలినికి మాత్రం మొదటిరోజు నుంచీ అది అందగత్తె.

శాలిని పక్షిపిల్లలకు పెట్టే ఫార్ములా పొడిలో వేడినీళ్లు పోసి కలిపింది. థర్మామీటర్ పెట్టి చూసింది. తర్వాత మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని మళ్లీ చూసింది.

"ఇప్పుడు సరిపోయింది."

"అంతకన్నా ముందు చూడాల్సింది ఇంకోటుంది" అన్నాడు జాన్సన్.

"సంచి!"

పిసరు గొంతు కింద చిన్న సంచి ఉంటుంది. తిన్నదంతా ముందు అందులోకి వెళ్లి, అక్కణ్ణుంచి మెల్లగా కడుపులోకి దిగుతుంది. ఈకలు రాలేదు కాబట్టి పైకే కనిపిస్తుంది. తిన్నప్పుడు బఠాణీలా ఉబ్బుతుంది. అరిగిపోయాక చర్మం వదులవుతుంది. ఇప్పుడు వదులుగానే ఉంది.

శాలిని అంచులు వంచిన స్పూనుతో మేత అందించింది. పిసరు తల ఊపుతూ గబగబా తింది. సంచి గుండ్రంగా నిండగానే శాలిని స్పూను తీసేసింది. తడిగుడ్డతో ముక్కు తుడిచింది.

జాన్సన్ తృప్తిగా తలూపాడు. "మళ్లీ సాయంత్రం అమ్మ వచ్చే టైముకి పెట్టు. ఈలోపు అది అరిచినా సరే, సంచి ఖాళీ కాకుండా పెట్టొద్దు. కూత విని కాదు, సంచి చూసి పెట్టాలి."

"తెలుసు నాన్నా. ఎన్నిసార్లు చెప్తావ్?"

నిజంగానే శాలినికి అన్నీ తెలుసు. వాళ్ల ఆరో తరగతిలో పక్షిపిల్లను పెంచేవాళ్లు ఇంకెవరూ లేరు. "నా చేత్తో పెడితేనే తింటుంది. నేను దానికి అమ్మలాంటిదాన్ని" అని వారం నుంచి క్లాసులో చెబుతూనే ఉంది.

జాన్సన్ డ్యూటీకి వెళ్లిపోయాడు. మామ్మ ఫ్యాను కింద చాప వేసుకుని పడుకుంది. కాసేపటికి గేటు చప్పుడైంది. మనోజ్ఞ, సిద్ధార్థ వచ్చారు. ఇద్దరూ శాలిని క్లాసే.

"ఏదీ మీ పిసరు?"

"ష్, మామ్మ పడుకుంది. ఇటు రండి."

ముగ్గురూ డబ్బా చుట్టూ కూర్చున్నారు. మూత తీయగానే పిసరు తల పైకెత్తి నోరు తెరిచింది. కిర్రుమంది.

"పాపం, ఆకలేస్తుందే దానికి" అంది మనోజ్ఞ.

"లేదు, ఇందాకే తింది. సంచి చూడు, నిండుగానే ఉంది."

"మరి నోరు తెరుస్తుందిగా" అన్నాడు సిద్ధార్థ.

"అది ఎప్పుడూ అంతే."

మనోజ్ఞ మూతి ముడిచింది. "నువ్వు తినిపిస్తుంటే చూద్దామని ఎండలో ఇంత దూరం వచ్చాం. నీ చేత్తోనే తింటుందన్నావ్. ఉత్తదేనా?"

శాలిని చెవులు వేడెక్కాయి. "ఉత్తది కాదు! కావాలంటే చూడండి."

ఇందాక మిగిలింది కాదు, కొత్తగానే కలిపింది. థర్మామీటర్ కూడా పెట్టింది. రెండు స్పూన్లే కదా, ఏమవుతుంది అనుకుంది. పిసరు నోరు తెరిచింది. తింది. మనోజ్ఞ కళ్లు పెద్దవయ్యాయి.

"అబ్బ! నిజంగానే నువ్వు వాళ్లమ్మలా ఉన్నావే! నాకివ్వవా, ఒక్కసారి?"

మనోజ్ఞ పెట్టింది. తర్వాత సిద్ధార్థ నాకూ అన్నాడు. అతను స్పూను ఎలా పట్టుకోవాలో నేర్చుకునేసరికి గిన్నెలో మేత చల్లారిపోయింది. మళ్లీ వేడిచేసే ఓపిక ఎవరికీ లేదు. పిసరు పెట్టినప్పుడల్లా నోరు తెరుస్తూనే ఉంది. వద్దని అనలేదు.

చివరికి సంచి గోళీకాయలా బిగిసింది.

"చాలు, ఇంక చాలు" అంది శాలిని. స్నేహితులు వెళ్లిపోయాక కూడా వాళ్లమ్మలా ఉన్నావే అన్న మాట చాలాసేపు చెవుల్లో తియ్యగా మోగింది.

ఎండ తగ్గాక శాలిని మళ్లీ డబ్బా దగ్గరికి వచ్చింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందేమిటా అనిపించింది. ఈపాటికి కూతతో ఇల్లు ఎగిరిపోవాలి.

మూత తీసింది. పిసరు తల ఎత్తలేదు. ఒక మూల ముడుచుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది. సంచి మధ్యాహ్నం ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. వేలితో తాకితే తడిపిన మైదాపిండిలా తగిలింది.

"పిసరూ, ఏయ్ పిసరూ!"

అప్పుడే అమ్మ హెలెన్ బ్యాంకు నుంచి వచ్చింది. కూతురి మొహం చూసి, హెల్మెట్ కూడా తీయకుండా గబగబా లోపలికి వచ్చింది.

"ఏమైందే?"

"కూయట్లేదమ్మా."

హెలెన్ వంగి చూసింది. "మధ్యాహ్నం ఎంత పెట్టావ్?"

శాలిని డబ్బా మూత చేతిలోకి తీసుకుంది.

"రోజూ పెట్టినంతే."

హెలెన్ జాన్సన్‌కి ఫోన్ చేసింది. ప్లాంటు లోపల ఉన్నాడేమో, ఎత్తలేదు. ఆమె ఇంక ఆలోచించలేదు. "పద, డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం."

స్కూటీ వెనక శాలిని డబ్బాను రెండు చేతులతో పొదివి పట్టుకుంది. గాలి తగలకుండా మామ్మ తన పాత చీర ముక్క చుట్టి ఇచ్చింది. హైవే మీద లారీలు హోరుమంటూ దాటిపోతున్నాయి. విజయవాడ చేరేదాకా ప్రతి గతుకు దగ్గరా శాలిని "మెల్లగా అమ్మా" అంటూనే ఉంది.

పశువుల డాక్టర్ సింధూరి గారి గదిలో పెద్ద లైటు ఉంది. ఆవిడ పిసరును అరచేతిలోకి తీసుకుని, వేలి కొసతో సంచి తాకి చూశారు.

"ఎప్పుడు తింది?"

"మధ్యాహ్నం తిందండీ. రోజూ పెట్టినంతే పెట్టింది మా అమ్మాయి" అంది హెలెన్.

"అప్పటినుంచీ కొంచెం కూడా దిగలేదా?" డాక్టరు గారు కనుబొమలు ముడిచారు. "మామూలుగా తిన్నదే అరగలేదంటే లోపల ఏదో జబ్బు ఉండొచ్చు. మందు మొదలుపెట్టాలి. కానీ ఇంత చిన్న ప్రాణానికి అక్కర్లేని మందు వేయడం నాకిష్టం లేదు." ఆవిడ శాలిని వైపు తిరిగారు. "నీ పేరేంటమ్మా?"

"శాలిని."

"దీని గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు శాలినీ. నువ్వు ఏం చెప్తే దాన్ని బట్టే నేను వైద్యం చేస్తాను. ఇంకేమైనా ఉందా చెప్పాల్సింది?"

గోడ మీద గడియారం టిక్ టిక్‌మంటోంది. అమ్మ పక్కనే ఉంది. నాన్న ఎన్నిసార్లు చెప్పాడు! చెబితే ఇంక పిసరును తన చేతికి ఇవ్వరేమో. శాలిని డాక్టరు గారి చేతిలోకి చూసింది. పిసరు కళ్లు పూర్తిగా మూతపడ్డాయి.

"రోజూ పెట్టినంత కాదండీ" అంది శాలిని. "చాలా పెట్టాం. సంచి నిండుగా ఉన్నప్పుడే పెట్టాం. నేనూ, మనోజ్ఞా, సిద్ధార్థా. చివర్లో చల్లారిపోయింది కూడా."

హెలెన్ కూతురి వైపు చూసింది.

డాక్టరు గారి నుదుటి మీద ముడి విడిపోయింది. "అదీ సంగతి. అయితే ఏం చేయాలో నాకు తెలిసింది."

సన్నటి ట్యూబుతో సంచిలోంచి కొంత మేతను మెల్లగా బయటికి తీశారు. గోరువెచ్చటి నీళ్లు కొద్దిగా పోశారు. వేలితో చాలా నెమ్మదిగా నిమిరారు. తర్వాత పిసరును వెచ్చటి పెట్టెలో ఉంచారు. శాలిని పెట్టె అద్దానికి మొహం ఆనించి నిలబడింది.

"డాక్టరు గారూ, అది వద్దని అనలేదండీ. పెట్టినప్పుడల్లా నోరు తెరిచింది."

"తెరుస్తుంది. గూట్లో అమ్మ వాలగానే పిల్లలు నోరు తెరుస్తాయి. నిన్ను చూసి తెరిచింది. అమ్మ వచ్చిందని!"

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు శాలినికి ఒక్కసారిగా వచ్చేసింది. హెలెన్ కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

చీకటి పడ్డాక పిసరు కాగితం మీద చిన్న రెట్ట వేసింది. డాక్టరు గారు చూసి నవ్వారు. "లోపల దారి తెరుచుకుంది. తీసుకెళ్లండి. సంచి ఖాళీ అయ్యేదాకా ఏమీ పెట్టొద్దు. వెచ్చగా మాత్రం ఉంచండి."

మర్నాడు ఉదయం ఇంట్లో అందరూ ఆ కూతకే లేచారు. శాలిని పరుగున వెళ్లి చూసింది. సంచి వదులుగా ఉంది. పిసరు మెడ చాచి, నోరు తెరిచి, ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తోంది.

జాన్సన్ గిన్నె పట్టుకొచ్చాడు. రాత్రి డ్యూటీ నుంచి రాగానే హెలెన్ అతనికి అంతా చెప్పింది.

"నువ్వే పెట్టు నాన్నా" అంది శాలిని నేల చూపులు చూస్తూ. "నాకొద్దు."

"నాకు కోపం రాలేదని కాదు" అన్నాడు జాన్సన్. "కానీ డాక్టరు గారి ముందు నిజం చెప్పావట. ఆ మాటే దీన్ని బతికించింది. భయపడితే చెయ్యి వణుకుతుంది. చూసి పెట్టు, చాలు."

స్పూను ఆమె చేతిలో పెట్టాడు. శాలిని ముందు సంచి చూసింది. తర్వాతే మేత కలిపింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో మనోజ్ఞ, సిద్ధార్థ ఉన్నారు. పిసరుకి బాగాలేదని బళ్లో విని ఇద్దరూ బెంగపడ్డారు. డబ్బా మూత తీయగానే పిసరు ఎప్పట్లాగే నోరు తెరిచింది.

సిద్ధార్థ భయంగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఆకలేస్తోందా, కాదా?"

"ఇక్కడ చూడు" అని శాలిని వేలితో చూపించింది. "ఇంకా సగం ఉంది. ఇప్పుడు పెట్టం. పలకరిద్దాం."

ముగ్గురూ చాలాసేపు పలకరించారు. మేత కలిపేటప్పటికి మనోజ్ఞ ఇంటికి వెళ్లాల్సిన వేళయింది. పిసరు తినడం ఆ రోజు ఆమె చూడలేదు. శాలిని తొందరపడలేదు. "రేపు రా" అంది.

రోజులు గడిచాయి. ముళ్లన్నీ విచ్చుకుని ఆకుపచ్చ ఈకలయ్యాయి. పిసరు డబ్బా అంచు మీద ఎక్కి కూర్చోవడం నేర్చుకుంది. ఒకరోజు పొద్దున్నే శాలిని స్పూను చాపితే కొంచెం తిని మొహం తిప్పేసుకుంది. మళ్లీ చాపితే స్పూనును ముక్కుతో పక్కకి నెట్టింది.

"అయ్యో, సరిగ్గా తిననే లేదు. చిక్కిపోతుందే తల్లీ" అంది మామ్మ పక్క నుంచి. "ఇంకొక్క స్పూను. బుజ్జగించి పెట్టు."

శాలినికి కూడా పెట్టాలనే ఉంది. తన చేత్తో తినడం మానేస్తే ఎలా? స్పూను నిండా మేత ఉంది, సరిగ్గా కావలసినంత వెచ్చగా. పిసరు మాత్రం అటు తిరిగి కూర్చుంది.

"వద్దంటుంది మామ్మా" అంది.

స్పూను గిన్నెలో పెట్టేసింది. పళ్లెంలో గుప్పెడు కొర్రలు పోసి నేల మీద పెట్టి, కాస్త దూరంగా జరిగి కూర్చుంది. పిసరు పళ్లెం చుట్టూ తిరిగింది. ఒక కొర్రగింజను ముక్కుతో పట్టుకుంది. గింజ జారిపోయింది. శాలిని చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లబోయింది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

పిసరు మరో గింజ పట్టుకుంది. ఈసారి టక్కుమని పొట్టు విరిగి ఎగిరిపడింది.

"తినేసిందే!" అంది మామ్మ.