దించిన శ్రుతి

శ్రుతి దించేశాడు! పద్యం ఎత్తుకోగానే మహేశ్వరికి తెలిసిపోయింది. తను ఎప్పుడూ పాడే ఐదు శ్రుతి కాదది, నాలుగు! ఆ కింది శ్రుతిలో పద్యం చప్పబడిపోదూ? ఎదురుగా న్యాయనిర్ణేతలు... కర్నూలులో పద్యనాటకాల పోటీ... ఉత్తమ నటి బహుమతి కోసం ఇరవై ఏళ్లుగా కాచుకున్న రోజు... హార్మోనియం పెట్టె దగ్గర కూర్చుని ఆ పని చేసింది ఎవరో కాదు, తాళి కట్టిన హనుమేషే! రాణి వేషంలో ఉన్న మనిషి ఆట ఆపి అడగలేదు కదా. ఆ శ్రుతిలోనే పాడి ముగించింది.

ఏ ఇల్లాలికి అనుమానం రాదో చెప్పండి! ఈమధ్య ఆయన ఆమె పద్యాల మీద పెట్టెను గట్టిగా మోగిస్తున్నాడు, పైస్థాయికి వెళ్లేసరికి ఆమె గొంతే వినబడనంతగా. ఫోను మోగితే వాకిట్లోకి పోయి మాట్లాడుతున్నాడు. అవతల ఉన్నది నంద్యాల రమ్యశ్రీ. పాతికేళ్ల పిల్ల, ఇదే పోటీలో ఇంకో నాటకానికి నాయిక. ఆ నాటకానికీ హార్మోనియం ఈయనే. నిన్న ఆ పిల్లకు ఐదు శ్రుతి పట్టి, గొంతుకు దారి ఇచ్చి ఎంత మెత్తగా వాయించాడు! కాపురం ఆదోనిలో, మనసు నంద్యాలలో... ఆ ఊహకే మహేశ్వరికి కళ్లు మండాయి.

తెర వెనక్కి రాగానే కిరీటం తీసి బల్ల మీద విసిరికొట్టింది.

"ఆ పిల్లకు బహుమతి రావల్లనే కదా శ్రుతి దించినావు? నన్ను ముంచి దాన్ని గెలిపిస్తాండావా?"

"అట్ల కాదు మహేశ్వరీ..."

"మరి ఎట్ల? ఆ ఫోన్లేంది? చెప్పు! లేకుంటే ఈడ్నుంచే మా అమ్మోళ్లింటికి పోతా!"

హనుమేష్ తల ఎత్తలేదు. "పద్యాలు నేర్పియ్యమని అడుగుతాది ఆ పిల్ల. నువ్వు రచ్చ చేస్తావని బయటికి పోతాంటి. శ్రుతి మాటంటావా... ఆలూరు ఆటలో పైస్థాయిలో నీ గొంతు పలకలేదు. పత్తికొండలోనూ అంతే. గాలి వచ్చింది, స్వరం రాలేదు. జనం వినకుండా పెట్టె గట్టిగా వాయించి కప్పినా."

"జనం అంత చప్పట్లు కొట్టిరి కదా!"

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. అయ్యో, ఆ చూపు కంటే చెంపదెబ్బ నయం! ఆ చప్పట్లు తన గొంతుకు కావని, ఆయన వేళ్లకని మహేశ్వరికి అప్పుడు అర్థమైంది.

"ఈడ కప్పితే ముందర కూచున్నోళ్లు కనిపెడతారు. అందుకే దించినా. ముందే చెప్పింటే నువ్వు స్టేజీ ఎక్కేదానివా?"

ఎక్కేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అక్కడే కూలబడి, మొహాన రంగు కారిపోయేలా ఏడ్చింది.

సాయంత్రం ఉత్తమ నటిగా మహేశ్వరి పేరే పిలిచారు! పద్యంలో ప్రతి మాటా తేటగా వినిపించిందన్నారు. జ్ఞాపిక చేతికివ్వగానే జనం కేకలేశారు, "పద్యం! పద్యం!" అని. గెలిచిన నటి ఒక పద్యం పాడనిదే వేదిక దిగనివ్వరక్కడ.

హనుమేష్ పెట్టె ముందు కూర్చుని, ఏ శ్రుతి పట్టాలో తోచక భార్య వైపు చూశాడు. మహేశ్వరి మైకు ముందే, అందరూ వినేలా చెప్పింది.

"నాలుగే పట్టు. గొంతు పోతే పోనీ... కప్పొద్దు."

పాడింది. పైస్థాయిలో ఒకచోట నాలుగులోనూ గొంతు జీరపోయి తెగింది. హనుమేష్ పెట్టెను గట్టిగా మోగించలేదు. హాలంతా ఆ విరుపు విన్నది. మహేశ్వరి ఊపిరి పీల్చుకుని, మిగిలిన పద్యం పూర్తిగా పాడింది.