కొండగుహలో అప్పన్న దీపం

తుఫానుకు గోడ కూలితే కీడే అనుకుంటాం గానీ, పోర్ట్ లూయిస్‌లో ఆ ఏడు అదే మేలైంది. మారిషస్ దీవికి రాజధాని కదా ఆ ఊరు! కింద ఓడరేవు, గుర్రప్పందేల మైదానం, వెనక నల్లని కొండలు. చెరకు తోటల పనికి ఓడలెక్కి వచ్చిన మనవాళ్ల భజన మందిరం అక్కడే ఒక సందులో ఉండేది. తుఫాను వరద దాని భజన తాళాలన్నీ ఈడ్చుకుపోయింది. తెల్లారితే సింహాద్రి అప్పన్న పూజ. తాళాలు లేని భజనేమిటని పెద్దలు తలలు పట్టుకున్నారు.

అప్పుడు మందిరంలో కూలగా మిగిలిన గోడ మీద, రాలిన సున్నం కింద పాత బొమ్మ ఒకటి బయటపడింది. కొండ, జలపాతం, గుహ ముంగిట దీపం!

సంతలో దాల్ పూరీలమ్మే నూకాలు ఎగిరి గంతేసింది. "మా ముత్తవ్వ చెప్పేది గాదా! తోట దొర భజనలు కూడదంటే ముసలోళ్లు తాళాలు కొండలో దాచీసినారని!"

"తాళాలేటి వదినా, ఓడదొంగల బంగారమే ఉంటాది!" అంటూ రేవులో బస్తాలు మోసే మరిది గురన్న టార్చి పట్టుకుని వెంటపడ్డాడు.

ముళ్లపొదలు చీల్చుకుంటూ ఎక్కి, జలపాతం వెనక గుహ కనిపెట్టారు. నూకాలు అక్కడ తన వెంట తెచ్చిన ఇత్తడి దీపం వెలిగించింది. "అప్పన్న దీపం. పూజయ్యేదాకా నేల మీద దించకూడదు."

"టార్చి ఉండగా దీపమేటి!" గురన్న పకపకా నవ్వాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కాలు జారింది. టార్చి మడుగులో మునిగింది. నవ్వూ మునిగింది.

దీపం వెలుగులోనే పెట్టె కనబడింది. "దొరికింది!" అని మూత లాగాడు. లోపలంతా చిలుం పట్టిన కంచు తాళాలు. అతని మొహం వాడిపోయింది.

అంతలో పైన వాన విరుచుకుపడింది. వచ్చిన దారిన నీళ్లు హోరున దూకాయి.

"దీపం దించీసి పెట్టె ఆ కొస పట్టు వదినా!"

"దించను!"

"సచ్చిపోతాం!"

"దించనన్నానా!"

నీళ్లు నడుముకెక్కాయి. నూకాలు దీపం తలపైకెత్తింది. మంట రెపరెపలాడి ఒక పక్కకు వాలింది. "గాలొస్తంది గురన్నా! ఆ పై కంత నుంచే! ఎక్కు!"

గురన్న ఉసూరుమంటూ పెట్టె వదిలేశాడు. చేతికందిన తాళాల జత ఒకటి పంచెలో దోపుకుని ముందు తానెక్కి, వదినను దీపంతో సహా పైకి లాగాడు.

బయట వాన వెలిసింది. కింద రేవు, ఓడలు, సంత కప్పులు తడిసి మెరుస్తున్నాయి. గురన్న తాళాలు ఖంగుమనిపించాడు. ఎన్నాళ్లుగా మూగబోయిన కంచో, కొండంతా పలికింది.

మర్నాడు పూజలో ఆ తాళాల జత మోగుతుంటే, దీపం చేతులు మారుతూ గురన్న దగ్గరికొచ్చింది.

"దించకు సుమా!" అంది నూకాలు.

"ఎలా దించుతాను వదినా? నన్ను మోసుకొచ్చింది ఇదే గదా!"