కోడలి పేరు

వాకిలి ఎంత ఊడ్చినా గంటకల్లా మళ్ళీ బొగ్గు దుమ్ము పేరుకునే ఊరు మందమర్రి. మగ్దలేనమ్మ ఆ దుమ్మును తిట్టుకుంటనే రోజూ ఊడుస్తది. ఆ పొద్దు కూడా అదే పని. ఆమె భర్త ఆశీర్వాదం అరుగు మీద కూసోని చాయ్‌ల రొట్టె ముంచుకొని తింటుండు. బతుకంతా భూమి లోపల బొగ్గు తవ్వి రిటైరైన మనిషి. నౌకరీ వదిలిపెట్టింది గాని దగ్గు వదిలిపెట్టలే. బిడ్డ రెబెకా లక్సెట్టిపేట దవాఖానల నర్సు. లోపట జడ అల్లుకుంటూ, టిఫిన్ డబ్బా ఏడ పెట్టినవే అవ్వా అని కేకలేస్తుంది.

అప్పుడు మోగింది ఆశీర్వాదం ఫోన్. మలేషియా నంబర్.

మగ్దలేనమ్మ చీపురు ఆపలే. ఆ దేశం నంబర్ వస్తే ఆమెకు చెవులు పనిచెయ్యవు. రెండేండ్ల కింద ఆ దేశం నుంచే కొడుకు ప్రేమ్‌చంద్ పెట్టెల వచ్చిండు. హోటల్ల గిన్నెలు కడుగుతూ గుండె ఆగి పడిపోయిండు. పెట్టె మీద ముద్రలన్నీ సక్కగున్నయి, సంతకాలన్నీ సక్కగున్నయి. బతికున్నన్ని రోజులు వానికి ఒక్క కాయితం ఇయ్యని లోకం, చచ్చినంక కట్టకు కట్ట ఇచ్చింది.

ఫోన్ చేసింది సంపత్. లక్సెట్టిపేట పిల్లగాడు, ప్రేమ్‌తోటి ఒకే హోటల్ల పనిచేసినోడు. తెల్లారక ముందే పోలీసులొచ్చి షారోన్ వదిన ఉండే బిల్డింగు చుట్టుముట్టిన్రట. కాయితాల్లేనోళ్ళను, ఉన్నోళ్ళను అందరినీ లారీల్లకు ఎక్కిచ్చిన్రట. వదిన ఐక్యరాజ్యసమితి వాళ్ళిచ్చిన శరణార్థి కార్డు చూపెట్టిందట, ఎవలూ చూడలేదట. పాప గ్రేసీని సంకనేసుకొని ఆమె కూడా లారీ ఎక్కింది. ఏడికి తీస్కపోయిన్రో తెల్వదు.

"నేనుండేది వేరే బిల్డింగు, అందుకే దొరకలే. పోయి అడుగుదామంటే నాకే కాయితాల్లేవు కాకా. క్యాంపు గేటు కాడికి పోతే నన్నూ లోపటేస్తరు. మీరే ఏదన్న చెయ్యాలె" అన్నడు సంపత్.

ఆశీర్వాదం చేతుల రొట్టె చాయ్‌ల పడి కరిగిపోయింది.

షారోన్ ఆ ఇంటి కోడలు. ఇంటోళ్ళెవరూ ఎదురుగ చూడని కోడలు. బర్మాల మిలిటరీ వాళ్ళు ఆమె ఊరిని తగలబెడితే పానం అరచేతుల పెట్టుకొని అడవులు దాటి మలేషియా చేరింది. ప్రేమ్ పనిచేసే హోటల్ల కూరగాయలు కోసేది. ఒక ఫ్లాట్‌ల నడిచే చిన్న చర్చిల ఇద్దరూ పెండ్లి చేసుకున్నరు. తరువాత ఫోన్ చేసి చెప్పిండు ప్రేమ్. అప్పటికే మగ్దలేనమ్మ తన తమ్ముని బిడ్డను కోడలుగా అనుకొని మాట కూడా ఇచ్చేసింది. ఆ కోపం మనిషిని మింగింది. ఒక్కనాడు ఆ పిల్ల మొఖం ఫోన్ల చూడలే. కొడుకు శవం వచ్చిన రోజు పాస్టర్ గారికి పెండ్లి కాని పిల్లగాడనే చెప్పింది. సమాధి కాడ ప్రార్థనల తల్లి పేరొచ్చింది, తండ్రి పేరొచ్చింది, చెల్లె పేరొచ్చింది. పెండ్లాం పేరు రాలే, బిడ్డ పేరు రాలే.

ఆశీర్వాదం మాత్రం సంత కాడికని పోయి, చింతచెట్టు నీడల నిలబడి మనుమరాలిని ఫోన్ల చూసి వచ్చేటోడు. ఈ సంగతి మగ్దలేనమ్మకు తెలుసు. తెల్వనట్టుండేది.

రెబెకా ఆ రోజు డ్యూటీకి పోలే. షారోన్ నంబర్‌కు ఎన్నిసార్లు చేసినా స్విచాఫే. సంపత్ ఒక నంబర్ ఇచ్చిండు. పట్టుబడ్డోళ్ళ జాడ తీసే ఒక చిన్న సంఘం అట. ఫోన్ ఎత్తింది విమల అనే తమిళామె. ఇంగ్లీషుల మెల్లగ, ఓపికగ మాట్లాడింది. పట్టుబడ్డోళ్ళను పెట్టే క్యాంపులు చాలా ఉన్నయట. లోపలికి ఎవలనూ పోనియ్యరట, ఫొటో చూపెడితే చూడరట. గేటు కాడ పేరు చెప్తే ఉన్నదో లేదో చెప్తరు, అంతే. పిల్లలను తల్లి పేరు కిందనే రాస్తరు.

కార్డు మీద పేరేంది అని అడిగింది విమల.

షారోన్ అన్నది రెబెకా.

మరునాడు విమల మళ్ళీ ఫోన్ చేసింది. షారోన్ పేరుతోటి దగ్గరి గేట్ల కాడ అడిగి చూసిన, లేదు అన్నది. బర్మా కొండల నుంచి వచ్చినోళ్ళ పేర్లు వేరే తీరుగుంటయి, షారోన్ అనేది మీరు పిలుచుకునే పేరేమో, కార్డు మీది అసలు పేరు కావాలె అన్నది.

రెబెకా తండ్రి దిక్కు చూసింది. ఆశీర్వాదం నేల దిక్కు చూసిండు.

సంపత్‌ను అడిగిన్రు. వదినా అనే పిలిచిన, పేరుతోటి నాకేం పని పడ్డది అన్నడు. ఆమె తరఫోళ్ళు ఎవలన్న ఉన్నరా అంటే, ఆ బిల్డింగులనే ఉండిరి, అందరూ అదే లారీల పోయిన్రు అన్నడు. ఐక్యరాజ్యసమితి ఆఫీసుకు చేస్తే అక్కడ కూడా మొదటి మాట పేరే. ప్రేమ్ ఫోన్‌ల ఉండేదేమో. ఆ ఫోన్ పెట్టెల రాలే.

ఆ రాత్రి అన్నాల కాడ రెబెకా చెయ్యి కడుక్కోకుండనే మొదలుపెట్టింది.

"అవ్వా, వదిన పేరేంది?"

"నన్నెందుకడుగుతవే? మాట్లాడేది మీ బాపు."

"బాపు బిడ్డా అని పిలిచిండు. నేను వదినా అని పిలిచిన. షారోన్ అని పేరు పెట్టిందెవలు?"

మగ్దలేనమ్మ అన్నం కలుపుతనే ఉన్నది. పెట్టింది ఆమెనే. పెండ్లి సంగతి చెప్పిన రోజు ప్రేమ్ ఆ పిల్ల పేరు చెప్పిండు. అదేం పేరురా, నోరు తిరుగది, బైబిల్లది కాదు, మనది కాదు, షారోన్ అని మార్చు, మార్చినా నాకు మాత్రం చూపెట్టకు అని ఫోన్ పెట్టేసింది. పెట్టేస్తుండంగ కొడుకు నవ్వుడు వినపడ్డది. అట్లనే మార్చిండు. అత్తగా ఆమె ఆ పిల్లకు చేసిన ఒకే ఒక్క పని అది. ఉన్న పేరు తీసేసుడు.

"ఆమె పట్టుకుంటెనే కదా నా కొడుకు రాలే" అన్నది మగ్దలేనమ్మ. "కాయితాల్లేనోళ్ళు ఇండ్లకు పోవచ్చని ఆ దేశం క్షమాభిక్ష పెట్టినప్పుడు ఊరోళ్ళందరూ టికెట్ కొనుక్కొని వచ్చిరి. వీడు రాలే. దాని కొంగు పట్టుకొని ఆడనే సచ్చిండు. నేను దాని పేరు యాది పెట్టుకోవాల్నా?"

అప్పుడు ఆశీర్వాదం కంచం పక్కకు జరిపిండు. ఇంట్ల గొంతు లేపని మనిషి.

"ఇను మగ్దలా. వాడు రావాలెననే అనుకున్నడు. నాతోటి మూడుసార్లు మాట్లాడిండు. ఆ పొల్లకు పాస్‌పోర్ట్ లేదు. పుట్టిన దేశం చంపుతది, ఉన్న దేశం గుర్తు పట్టది, మన దేశం రానియ్యది. నేనొక్కన్ని వస్తే వీళ్ళనేడ పెట్టాలె బాపూ అన్నడు. పెండ్లాం పిల్లలను ఇడిసిపెట్టి వస్తే మంచోడనిపిచ్చుకుంటుండెనా నీ కొడుకు?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే విన్నవా? ఆమె పేరెత్తితే గిన్నె ఇసిరికొడ్తివి."

"పేరేడిది బాపూ మన దగ్గర, ఎత్తెటందుకు" అన్నది రెబెకా.

మగ్దలేనమ్మ కలిపిన అన్నం కుక్కకు పెట్టి వచ్చింది.

తెల్లారి తండ్రీబిడ్డ మంచిర్యాల పోయిన్రు. ఒక ఆఫీసుల సారు మొత్తం విని, ఆమె మన దేశస్తురాలు కాదు గదా అన్నడు. మా వదిన సార్ అన్నది రెబెకా. పెండ్లి రిజిస్టర్ అయిందా అన్నడు. పాపన్నా మన రక్తమే కదా అన్నడు ఆశీర్వాదం. పుట్టినప్పుడు మీ కొడుకు మన ఎంబసీల రాయిచ్చిండా అన్నడు సారు. రాయిద్దామని పోతే పట్టుకుంటరని రాయియ్యని మనిషి సంగతి ఆ సారుకు ఎట్ల అర్థమైతది. ఎలక్షన్లప్పుడు వాకిట్లకొచ్చి దండం పెట్టిన లీడర్ ఇంటికి పోతే, పైకి చెప్త అన్నడు. పైన అంటే ఎవలో ఆయన చెప్పలే. ఆరోగ్యం జాగ్రత్త అని ఆశీర్వాదం భుజం తట్టి కార్ ఎక్కిండు.

ఇగ చేసేదేం లేదు. ఏం చెయ్యాల్నో తెలిస్తే కష్టమైనా చేస్తరు మనుషులు. ఏమీ లేని రోజులు ఎట్ల గడుస్తయి? ఆశీర్వాదం మంచమెక్కిండు. రెబెకా ఇంటర్నెట్ల బర్మా పేర్లన్నీ తీసి తండ్రికి చదివి వినిపిచ్చేది, ఇదా బాపూ, ఇదా అని. ఆయన కండ్లు మూసుకొని తల అడ్డంగ ఊపేటోడు. మగ్దలేనమ్మ ఒక్కతే వంటింట్ల గోడకు ఒరిగి కూసోని, కొడుకు ఆ రోజు ఫోన్ల చెప్పిన పేరును గొంతులకు తెచ్చుకునేటందుకు తండ్లాడేది. వాని నవ్వు యాదికొస్తది. నోరు తిరుగది అని తను అన్న మాట యాదికొస్తది. పేరు రాదు. ఆశీర్వాదం ఫోన్ మాత్రం ఆమె చేతిలనే ఉండేది. స్నానానికి పోయినా కిటికీల పెట్టుకొని పోయేది.

ఒక మాపటేళ ఆమె బియ్యం ఏరుతుంటే ఫోన్ మోగింది. పొడుగాటి నంబర్. రెబెకా పెరట్ల బట్టలు తీస్తుంది.

అవతల చానా సప్పుడున్నది, ఎవరో అరుస్తున్నరు, చిన్నపిల్ల దగ్గుతుంది. ఆ సప్పుడుల నుంచి ఒక సన్నని గొంతు, అచ్చం మందమర్రి యాసల.

"మామయ్యా... నేను షారోన్. మంచిగున్నరా?"

ప్రేమ్ నేర్పిచ్చిన తెలుగు. పట్టుబడి క్యాంపుల ఉన్న పిల్ల ముందుగాల మంచిగున్నరా అని అడిగింది.

"నేను అత్తమ్మను బిడ్డా" అన్నది మగ్దలేనమ్మ. అవతల మాట ఆగిపోయింది. ఎక్కడ పెట్టేస్తదో అని భయమైంది ఆమెకు. అన్నేండ్లు తను చేసిన పని అదే కదా. "పెట్టెయ్యకు. ఏడున్నవు?"

తెల్వదు, అడవి లెక్కుంది, ఎవరో ఫోన్ ఇచ్చిన్రు, జల్దీ ఇచ్చెయ్యాలె అన్నది ఆ పిల్ల. గ్రేసీకి జ్వరమట.

అడగాలెనంటే మస్తున్నయి. తప్పయిందని అనాలె. పాప గొంతు వినాలె. కొడుకు ఆఖరి రోజు ఏం తిన్నడో అడగాలె. మగ్దలేనమ్మ అవన్నీ మింగింది.

"నీ పేరు చెప్పు బిడ్డా."

"షారోన్ అత్తమ్మా."

"అది నేను పెట్టింది. మీ అవ్వ పెట్టింది చెప్పు."

ఆ పిల్ల చెప్పింది. నున్ అన్నది మగ్దలేనమ్మ. కాదు అని మళ్ళీ చెప్పింది. గున్ అన్నది. కాదు. ముక్కుల నుంచి రావాలె అత్తమ్మా అని ఏడుస్తనే నేర్పిచ్చింది. మూడోసారి ఆ సప్పుడు నాలుక వెనక ఎక్కడో దొరికింది. "ఙున్ థా పార్" అన్నది మగ్దలేనమ్మ. ఆ పిల్ల అవును అనబోయిందో, అత్తమ్మా అనబోయిందో. లైన్ కట్టయింది.

రెబెకా ఉరికొచ్చి అట్టముక్క మీద రాసింది, న తోటి. అది కాదే అన్నది తల్లి. ఒత్తి పలికింది. రెబెకా పెన్ను ఆగింది. క ఖ గ ఘ తరువాత ఒక అక్షరముంటది. బడిల దిద్దిపిచ్చిన్రు, అందరూ దిద్దిన్రు, ఆ తరువాత ఏ మాట మొదట్ల కూడా ఎవలూ రాయలే. ఙ. ఇంట్ల ఒక మనిషి ఆ అక్షరం తోటి మొదలైతదని ఎవలికి తెలుసు.

విమలకు ఫోన్ చేసి చెప్తే ఆమె వెంటనే అందుకున్నది. మా తమిళంల కూడా ఆ అక్షరముంది, మాట మొదట్ల మేం కూడా రాయం అన్నది. రేపటి నుంచి ఒక్కొక్క గేటు కాడ అడుగుత, కానీ ఆ పేరున్నోళ్ళు చానా మందే ఉంటరు, దొరుకుతదని మాట ఇయ్యలేను అన్నది. తరువాతి రోజులల్ల రెండు గేట్ల కాడ లేదన్నరు. మూడో గేటు కాడ అసలే మాట్లాడలే.

ఆదివారం చర్చిల ప్రార్థన మనవులు ఎవలికన్న ఉన్నయా అని పాస్టర్ గారు అడిగిండు. ఆడోళ్ళ దిక్కు నుంచి మగ్దలేనమ్మ లేచింది. ఆమె కండ్లు తుడుచుకోలే, కారనిచ్చింది.

"నా కొడుకు ప్రేమ్‌చంద్‌కు పెండ్లైంది. అబద్ధం చెప్పిన. నాకు కోడలున్నది, మనుమరాలున్నది. వాళ్ళను పరాయి దేశంల ఏ జైల్ల పెట్టిన్రో తెల్వదు. నా కోడలి పేరు ఙున్ థా పార్. ఆ పేరు తోటి ప్రార్థన చెయ్యుండ్రి."

చర్చిల గుసగుసలు లేచినయి. పాస్టర్ గారు కండ్లు మూసుకొని మొదలుపెట్టిండు, పేరు కాడికొచ్చి తడబడ్డడు. మా సహోదరి అని దాటెయ్యబోయిండు.

"అట్ల దాటెయ్యకుండ్రి అయ్యగారూ" అన్నది మగ్దలేనమ్మ నిలబడే. "నేనట్లనే దాటేసిన. ముక్కుల నుంచి రావాలె. నా ఎంబడి అనుండ్రి."

ఆమె అన్నది. పాస్టర్ గారు అన్నడు. వెనక నుంచి ఒకరూ ఇద్దరూ, తరువాత అందరూ అన్నరు, తప్పుగ. మగ్దలేనమ్మ తల అడ్డంగ ఊపి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.