అంకయ్య పడవకి మీటర్లు

సాగర్ డ్యాము కడుతున్న రోజులవి. చిలకలూరిపేటలో లారీలకి వైరింగు చేసేవాళ్లలో రంజాన్‌ది మంచి చెయ్యి. హెడ్‌లైటు వెలగకపోయినా, డైనమో చార్జి ఎక్కకపోయినా, పత్తి మిల్లుల లారీలన్నీ అతని రేకుల షెడ్డు ముందే ఆగేవి. కానీ పడవ మోటారు మీద మాత్రం అతను అంతవరకూ చెయ్యి వెయ్యలేదు.

ఒక రోజు పొద్దున్నే కృష్ణకి వరదొచ్చిందని కబురొచ్చింది.  రంజాన్ అక్క జోహరాబీ, మొగుడు పోయాక కూతుర్ని పెట్టుకుని ఏటి మధ్య లంకలోనే ఉంటోంది. ఆరెకరాల మిరపతోట, ఒక తాటాకు ఇల్లు ఆమెకున్న ఆస్తి. రంజాన్ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఉన్నపళాన బస్సెక్కాడు. రేవుకి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. సన్నగా తుంపర పడుతోంది. ఏరు ఎర్రగా, ఒడ్డుల్ని ఒరుసుకుంటూ పోతోంది.

"ఈ వడిలో తెడ్డు ఆగదు, బాబూ. మేం రాలేం," అన్నారు పల్లెకారులు. "మోటారు పడవొకటుంది. ఓవర్సీరుగారిది. కానీ ఏడాదిగా దాన్ని ఎవరూ నీళ్లలో దింపలేదు."

ఎందుకు దింపలేదో చెప్పకుండా మొహాలు తిప్పుకున్నారు.

లక్ష్మీనరసింహం కాలవల ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. యుద్ధకాలం నాటి మోటారొకటి వేలంలో కొని పడవకి తగిలించుకున్నాడు. అంకయ్య అనేవాడు దాన్ని నడిపేవాడు. కిందటేడు వరదలో అంకయ్య ఒంటరిగా లంకకి బయల్దేరాడు. రెండు రోజుల తర్వాత పడవ దిగువన రెల్లుదుబ్బుల్లో దొరికింది. అంకయ్య దొరకలేదు.

రంజాన్ ఓవర్సీరు ఇంటికెళ్లి సంగతంతా చెప్పాడు.

"పడవ నేనే నడుపుతాను, రంజాన్. కానీ ఒక్క షరతు. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కళ్లకి కనపడాలి. ఆ మీటరు పెడితేనే ఎక్కుతాను."

"ఏరు పెరుగుతుంటే ఇప్పుడు మీటర్లేంటండీ?"

"పెట్టు," అన్నాడు ఆయన. 

ఎలాగూ పని తప్పేలా లేదు. ఆ పాత మోటారుకి ట్యాంకులోకి గాలి కొడితే పెట్రోలు పైకెక్కేది. ఆ రబ్బరు గొట్టాలు చీకి ముక్కలైపోయాయి. ఓవర్సీరుగారి ఇంటి వెనక మూలపడిన కారుంది. రంజాన్ దాని కరెంటు పెట్రోలు పంపు ఊడదీశాడు. పెట్రోలు మీటరూ, ట్యాంకులో తేలే బెండూ, బ్యాటరీలోంచి కరెంటు ఎంత పోతోందో చూపే ఆమ్మీటరూ తీసుకున్నాడు. రేవులో ఆగిన లారీ డ్రైవరు దగ్గర బ్యాటరీ అడిగి తెచ్చుకున్నాడు.

పడవ ఒడ్డునున్న మిరపకాయల కొట్టులో ఉంది. లోపల నిరుటి కాయ బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. అడుగుపెట్టగానే ఘాటుకి దగ్గొచ్చింది. ఓవర్సీరు నీటిమట్టం చూసొస్తానని వెళ్లాడు. మబ్బు వల్ల పట్టపగలే దీపాలవేళలా ఉంది. రంజాన్ ఓవర్సీరు ఇచ్చిన డబ్బా పెట్రోలుతో ట్యాంకు నింపి, లాంతరు వెలిగించి, ఎర్రతీగ ఒకటి, నల్లతీగ ఒకటి లాగి, చెక్కముక్కకి మీటర్లు బిగించి, అతుకులకి టేపు చుట్టాడు. స్విచ్చి వేశాడు.

టిక్ టిక్ టిక్ టిక్... పంపు కొట్టుకుంది. ప్రతి దెబ్బకీ ఆమ్మీటరు ముల్లు చిన్నగా ఉలిక్కిపడింది. కార్బొరేటరు నిండగానే చప్పుడాగింది. ఆగాలి కూడా. పెట్రోలు మీటరు నిండు చూపిస్తోంది. రంజాన్ స్విచ్చి ఆపి, బ్యాటరీ తీగ కూడా ఊడదీసి, చేతులు తుడుచుకున్నాడు.

టిక్.

అతను తల తిప్పాడు.

ఏం లేదు. వాన చుక్క రేకు మీద పడి ఉంటుంది అనుకున్నాడు.

టిక్... టిక్...

ఆమ్మీటరు ముల్లు కదిలింది. ఊడదీసిన తీగ కొస అలాగే ఉంది. దాన్ని తేరిపార చూశాడు. బ్యాటరీకి జానెడు దూరంలో ఉంది.

టిక్.

నిదానంగా, ఊపిరి తీసినంత నిదానంగా కొట్టుకుంటోంది పంపు. అప్పుడు గమనించాడు, దగ్గు ఆగిపోయిందని. మిరప ఘాటు లేదు. ఎక్కడా లేదు. దాని బదులు చల్లటి బురద వాసన... కుళ్లిన రెల్లు వాసన... పెట్రోలు మీటరు ముల్లు నిండు నుంచి సగానికి, సగం నుంచి పావుకి దిగుతోంది. గబగబా ట్యాంకు మూత తిప్పి చూశాడు. పెట్రోలు అంచుదాకా ఉంది.

ముల్లు సున్నా మీద ఆగింది.

అప్పుడు వినపడింది. పడవ వెనక, మోటారు పంకా ఉన్న చోట, ఎవరో నేలకి నోరు ఆనించి మాట్లాడినట్టు...

"అయ్యగారూ... చాలుతుందా?"

రంజాన్‌కి ఎప్పుడు బయటపడ్డాడో తెలీదు. గుమ్మంలో ఓవర్సీరు ఎదురయ్యాడు.

"ఏమైందోయ్?"

"లోపల... ఎవరో... చాలుతుందా అని అడుగుతున్నారండీ. అయ్యగారూ, చాలుతుందా అని..."

లక్ష్మీనరసింహం గోడ పట్టుకున్నాడు.

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. విన్నాను."

"ఆవేళ రేవులో నేనూ అంకయ్యా ఇద్దరమే ఉన్నాం," అన్నాడు ఓవర్సీరు, నేల చూస్తూ. "ముందురోజు ట్యాంకులోంచి పెట్రోలు తీసి నా కారులో పోసుకున్నాను. మళ్లీ పొయ్యడం మర్చిపోయాను. అంకయ్య పడవెక్కి అడిగాడు, అయ్యగారూ చాలుతుందా అని. నేను చూడనైనా చూడలేదు. చాలుతుంది పో అన్నాను."

 ఏటి హోరు ఇంకా పెద్దదైంది. అవతల లంక మీద ఇంటి కప్పులు మాత్రమే కనపడుతున్నాయి.

"మీరు రాకపోయినా నేను పోతానండీ," అన్నాడు రంజాన్. "అక్కడ మా అక్కుంది."

"వస్తాను," అన్నాడు ఓవర్సీరు.

పల్లెకారులు పడవని నీళ్లలోకి నెట్టిచ్చి, వెంటనే దూరంగా వెళ్లిపోయారు. రంజాన్ బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి తాడు లాగగానే మోటారు అందుకుంది. మీటరు మళ్లీ నిండే చూపిస్తోంది. ఓవర్సీరు మోటారు పిడి పట్టుకుని కూర్చున్నాడు. రంజాన్ లాంతరు పక్కన పెట్టుకుని మీటర్ల మీంచి కళ్లు తిప్పలేదు. మానులు కొట్టుకొస్తున్నాయి. ఒక గడ్డివాము చెక్కుచెదరకుండా తేలిపోయింది, దాని మీద నల్లకోడి నిలబడే ఉంది.

సరిగ్గా నడి ఏటిలో ముల్లు దిగడం మొదలుపెట్టింది.

సగం... పావు... సున్నా.

పంపు పిచ్చెత్తినట్టు కొట్టుకుంది. మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పంపు కూడా ఆగింది. పడవ అడ్డం తిరిగింది. ఏటి హోరు కూడా లేనట్టు చెవులు మూసుకుపోయాయి. బురద వాసన వచ్చింది.

పడవ అడుగు చెక్కకి అవతల నుంచి... నీళ్లలోంచి...

"అయ్యగారూ... చాలుతుందా?"

ఓవర్సీరు మోటారు పిడి వదిలేశాడు. రంజాన్ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"చెప్పండి. చెప్పండయ్యా!"

"చాలదు, అంకయ్యా," అన్నాడు లక్ష్మీనరసింహం. ముసలాయన ఏడుస్తున్నాడు. "చాలదు. నేను చూడలేదురా. చూడకుండానే పంపాను నిన్ను."

ఏమీ లేదు. పడవ తిరుగుతోంది. ఒకసారి. రెండోసారి.

టిక్.

ఎవరూ తాడు లాగలేదు. మోటారు దానంతటదే అందుకుంది.

లంక చేరేసరికి జోహరాబీ కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని పందిరి గుంజని కరుచుకుని ఉంది. నీళ్లు నడుం దాటాయి. రంజాన్ ముందు పిల్లని అందుకున్నాడు.

"వచ్చావట్రా తమ్ముడూ," అంది ఆమె, పడవలో పడ్డాక. అంతే. ఒడ్డుకి చేరేదాకా పిల్ల చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా ముల్లు సున్నా మీదే ఉంది. మోటారు ఒక్కసారి కూడా దగ్గలేదు. ఓవర్సీరు నోట్లో ఏదో మెల్లగా గొణుగుతూనే ఉన్నాడు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు.

రేవుకి చేరేసరికి మసకపడింది. జోహరాబీనీ పిల్లనీ ఎవరో కంబళి కప్పి తీసుకెళ్లారు. ఓవర్సీరు తడిమట్టిలోనే కూలబడ్డాడు. లారీ డ్రైవరు బ్యాటరీ కోసం గట్టు మీద నిలబడి ఉంటే, రంజాన్ లాంతరు తీసుకుని మళ్లీ పడవలోకి దిగాడు. పడవని ఇంకా గుంజకి కట్టలేదు. ముక్కు మాత్రం ఒండ్రులో దిగబడి ఉంది.

మీటర్ల చెక్కని వెనక్కి తిప్పాడు.

పెట్రోలు మీటరుకి తను బిగించినవి రెండే తీగలు. ఎర్రది, నల్లది. మూడోది కనపడింది. స్క్రూకి బిగించింది కాదు. పడవ తాడుకి వేసినట్టు, రెండు మెలికలు తిప్పి ముడేసి ఉంది. తుప్పు పట్టిన పాత తీగ. వేలు ఆనించి దాని వెంట పోయాడు. చెక్క మీదుగా... బల్ల కిందగా... పడవ అంచు దాటి నీళ్లలోకి దిగింది.

లాంతరు పైకెత్తాడు.

వరదంతా కుడివైపు, దిగువకి, ఉరుకుతోంది. తీగ ఎడమవైపుకి ఉంది. ఎగువకి. వీణ తీగలా బిగుసుకుని, ప్రవాహాన్ని కోసుకుంటూ, చీకట్లోకి పోతోంది.

తీగ తెంపడానికి రంజాన్ సంచీలో కటింగ్ ప్లేయరు కోసం తడిమాడు.

అతని కాళ్ల కింద, ఒండ్రులోంచి మెత్తగా ఊడి, పడవ జానెడు ఎగువకి జరిగింది.