మూడో పాదం

ఆ వీధి చివరి ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదట. సోడాలమ్మే ఆయన కూడా బండి తోసుకుంటూ పక్క సందులోంచి చుట్టు తిరిగి పోయేవాడు. అడిగితే, "అటైతే దగ్గరండీ" అని మొహం తిప్పుకునేవాడు.

ఆ ఇంట్లో ఎవరో గుసగుసగా చదువుతూ ఉంటారని చెప్పుకునేవారు. మాటలు తెలియవు... ఆగకుండా చదివేస్తున్నట్టు మాత్రం వినపడేది. ధైర్యం చేసి తలుపు తడితే గుసగుస ఆగేది. ఆగి — లోపలి నుంచి ఎవరో తిరిగి తట్టేవారు. టక టక టక...

ఇది మొట్టమొదట విన్నది పిరికిమనిషేమీ కాదు. అదే వీధిలో పాత పుస్తకాలకు అట్టలు కట్టే బైండరమ్మ. కొట్టులో ఎలుక దూరితే తోక పట్టుకుని బయట పారేసే మనిషి. అలాంటి ఆవిడే పరుగెత్తుకొచ్చిందంటే ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా!

ఇల్లు ఒంటికాగితం మాస్టారిది. ఆ పేరు ఊరికే రాలేదు. కొందరు తమ కవితను ఒక్క కాగితం మీద అచ్చువేయించి వీధి మలుపుల్లో పంచుతారు, సభల్లో కుర్చీల మీద వదిలేస్తారు. అవి ఎక్కడ కనపడినా మాస్టారు ఏరి తెచ్చుకునేవారు. "పుస్తకానికి అట్ట ఉంటుంది, అలమర ఉంటుంది. దీనికెవరున్నారమ్మా? మడిచి జేబులో పెట్టుకుంటారు, చొక్కాతో పాటు ఉతికేస్తారు" అని బాధపడేవారు. ఒక్కో కాగితాన్నీ దళసరి అట్టకి అంటించి, గుమ్మం పక్క గోడకి ఆనించిన చెక్క అలమరలో వరసగా నిలబెట్టేవారు. జిగురు బైండరమ్మే కాచి ఇచ్చేది.

మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు దాని జోలికి రాదు. బైండర్లందరికీ తెలిసిన సంగతే. మాస్టారు మాత్రం ఒప్పుకునేవారు కాదు.

"నీలం మరకలు పడతాయమ్మా. కవిత తెల్లగా ఉండాలి."

"పురుగు పడుతుంది మాస్టారూ."

"చూసుకోడానికి నేను లేనూ?"

ఆవిడ తుత్తం పొట్లం పక్కన పెట్టేసింది. ఆ అట్టల్లో ఒకటి ఆవిడ అక్కది. దాని మీద మరక పడటం ఆవిడకీ ఇష్టం లేదు.

అక్క బట్టల కార్ఖానాలో కుట్టుమిషను మీద పనిచేసేది. బతుకు మొత్తంలో ఒకే ఒక్క కవిత రాసింది, పద్నాలుగు పాదాలు. వంద కాగితాలు అచ్చువేయించి, కార్ఖానా గేటు దగ్గర నిలబడి తనే పంచింది. మరుసటేడు జబ్బు చేసి పోయింది. వందలో మిగిలింది మాస్టారి దగ్గరున్న ఆ ఒక్కటే. చెల్లెలికి నోటికి వచ్చేవి మొదటి రెండు పాదాలే.

మిషను ఆగిపోయాక కూడా
చెవుల్లో దారం నడుస్తూనే ఉంది

మూడో పాదం ఎంత గింజుకున్నా గుర్తుకు రాదు. ఎక్కడికి పోతుందిలే, అలమరలో ఉందిగా, అనుకునేది. ఆ కాగితాన్ని అట్టకి అంటించింది కూడా తనే.

మాస్టారు ఆసుపత్రిలో చేరేటప్పుడు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టారు. "నేను తిరిగి రాకపోతే... అన్నీ నీ కొట్టుకి పట్టుకుపోమ్మా." ఆయన తిరిగి రాలేదు. రెండు నెలలాగి, ఒక సాయంత్రం ఆవిడ వెళ్ళింది. తాళం తీయబోతుంటే — లోపల గుసగుస. ఎవరా అని తలుపు తట్టింది... ఎవరో తిరిగి తట్టారు.

వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి పడింది. మొగుడితో చెప్పింది, ఆయన టీ కొట్టులో చెప్పాడు, ఇంకేముంది, కథకు కాళ్ళొచ్చాయి. తాళంచెవి ఆరేళ్ళు కొట్టులో మేకుకి వేలాడింది.

చదివేది మాస్టారే అని వీధి మొత్తం అనుకుంది. బైండరమ్మకి మాత్రం అది అక్క గొంతనే అనిపించేది. చెల్లెలు మరిచిపోయిన పాదాలు అక్క ఒక్కతే కూర్చుని చదువుకుంటోందని... ఆ మాట తలుచుకుంటే భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసేది.

ఒకరోజు సాయంత్రం మాస్టారి అన్నకొడుకు కొట్టుకొచ్చాడు. "ఇల్లు అమ్మేశామండీ. రేపు పొద్దున్నే పడగొట్టేస్తారు. కావలసినవుంటే ఈ రాత్రికే తెచ్చుకోండి."

ఆవిడ టార్చిలైటు తీసుకుంది.

"పిచ్చిగానీ పట్టిందా? ఈ వేళప్పుడా?" అన్నాడు మొగుడు.

"అక్కే ఉంటే అక్కనే అడుగుతానండీ... మూడో పాదం ఏమిటని."

తాళం తుప్పు పట్టి మొరాయించింది. తలుపు తోసేసరికి — గుసగుస. ఆరేళ్ళ కిందటి కన్నా పెద్దగా... గది నిండా.

అడుగులో అడుగు వేసుకుంటూ అలమర దాకా వెళ్ళి, వేళ్ళతో తట్టింది.

గుసగుస ఆగింది.

టక టక టక...

"అక్కా," అంది మెల్లగా. "నేనే... చెల్లిని. కోపమొచ్చిందా?"

అలమర తలుపు లాగింది. టార్చి వెలుగులో అట్టలన్నీ వరసగా నిలబడే ఉన్నాయి. మాస్టారు పెట్టినవి పెట్టినట్టే! ప్రాణం లేచి వచ్చింది. రెండో అరలో ఎడమ పక్కది అక్కది. చేత్తో తీస్తే దూదిలా తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా ఎందుకుందో అప్పుడు తట్టలేదు.

తెల్లటి కాగితం. ఒక్క మరక లేదు. అక్షరాలన్నీ ఉన్నాయి.

దగ్గరికి తీసుకుని, అక్క చదివినట్టే పైకి చదివింది. "మిషను ఆగిపోయాక కూడా... చెవుల్లో దారం నడుస్తూనే ఉంది..." మూడో పాదం మొదటి మాట కంటపడింది. "ఎవరైనా —"

ఆ ఊపిరికే కాగితం చిట్లింది. పైపొర పొడిపొడిగా రాలి ఆవిడ ముంజేతుల మీద పడింది. దాని వెనక అట్ట లేదు. మట్టి. మట్టిలో తెల్లగా కదులుతున్న చెదపురుగులు.

పక్క అట్ట ముట్టుకుంది. కూలింది. దాని పక్కది... అదీ అంతే. అలమర వెనక చెక్క నిండా, గోడ నిండా మట్టి దారులు. తన జిగురే. పురుగుకి అడ్డు లేకుండా, తెల్లగా, తన చేత్తో కాచిన జిగురు.

అలికిడైతే చెదలు తలలు చెక్కకేసి కొట్టుకుంటాయని, బైండింగు నేర్పిన తండ్రి ఎప్పుడో చెప్పాడు. టక టక టక అని. అది ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం గుర్తొచ్చి ఉంటే, తలుపు తీసి ఉంటే, నష్టం ఒక్క అరతోనే పోయేదేమో.

"దెయ్యమైనా బాగుండేదే అక్కా..." అని ఆవిడ నేల మీద కూలబడి ఏడ్చింది.

టార్చి ఆరిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది. కాసేపటికి, చీకట్లో, మిగిలిన అట్టల్లోంచి... గుసగుస మళ్ళీ మొదలైంది.