ఆమెన్ కోసం ఆగిన కంప్యూటరు

ఈతన్, షీనా, ఇటు చూడండి. బడిలో పొద్దున గంట కొట్టకపోతే ఏమవుతుందర్రా? పిల్లలంతా గ్రౌండులోనే నిలబడిపోతారు, కదూ? కంప్యూటరూ అంతే. లేవగానే మొదట ఏ ఫైలు తెరవాలో దానికి చెప్పి పెడతారు. అది కనబడకపోతే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఇది గుర్తుపెట్టుకుని వినండి.

మన ఈ క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళోనే జోసఫిన్ అని ఒకావిడ ముసలివాళ్ళ హోములో కేర్‌గివర్‌గా చేసేది. మన దేశంలో నర్సు చదివింది. ఇక్కడ కూడా నర్సు కావాలంటే దరఖాస్తు కాగితాలు పంపాలి. మొగుడు ఏసురాజు బతికున్నన్నాళ్ళూ పంపనివ్వలేదు. "స్నానాలు చేయించేదానివి, నీకు నర్సు పోస్టా?" అనేవాడు. అన్నం ముందు తను ప్రార్థన చేసి, "ఆమెన్ చెప్పు" అనేవాడు. ఆమె చెప్పాకే ముద్ద. కంప్యూటరులోనూ మొదటి ఫైలుగా తన ప్రార్థనే రికార్డు చేసి పెట్టాడు. అది పూర్తయితేగాని తెర తెరుచుకోదు.

ఏసురాజు పోయాడు గానీ ఆ గొంతు పోలేదు. కాగితాలు పంపడానికి ఆవేళ సాయంత్రమే ఆఖరు గడువు. కంప్యూటరులో అవి సిద్ధం కాగానే జోసఫిన్ ఆ రికార్డును పీకి పారేసింది. పీడ వదిలిందో లేదో చూద్దామని కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది.

తెర నల్లబడింది. 'మొదటి ఫైలు లేదు' అని ఒక్క లైను. ఇక మౌసు కదలదు, మీట పలకదు.

చలికాలం కదా, అప్పుడే చీకటి పడింది. బయట సన్నగా వాన. హీట్‌పంపు గుర్రుమంటున్నా గదిలో వేడి లేదు. ఎక్కడినుంచో అమృతాంజనం వాసన... అది ఏసురాజు నుదుటికి రాసుకునేది.

చర్చిలో స్నేహితురాలు ప్రేమలీలకి కంప్యూటర్లు బాగు చేయడం తెలుసు. జోసఫిన్ ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"వదినా, అది కంప్యూటరు చెత్తబుట్టలోనే ఉంటుంది. సేఫ్ మోడ్‌లో వేస్తే నెట్టు రాదు గానీ ఫైళ్ళు కనబడతాయి, దాన్ని వెనక్కి పెట్టేయ్, సరిపోతుంది."

"పెట్టను! చచ్చినవాడు ఇంకా నా నెత్తినెక్కి కూర్చోవాలా?"

"అబ్బ, నీ కోపం! అయితే నీ గొంతుతో ఏదైనా రికార్డు చేసి, అదే పేరు పెట్టు. దానికి పేరే ముఖ్యం, మనిషెవరో తెలియదు."

జోసఫిన్ ఫోను పెట్టేసి, అందులోనే పళ్ళు బిగపట్టి రికార్డు చేసింది. "ప్రభువా, నేను నర్సునవుతాను. ఈ ఇంట్లో ఇంకెవరి మాటా చెల్లదు." ప్రేమలీల చెప్పినట్టే సేఫ్ మోడ్‌లో దాన్ని ఎక్కించి, ప్రేమలీలని మళ్ళీ ఫోనులో కలిపి, స్పీకరు పెట్టి, కంప్యూటరు వేసింది.

ఆమె గొంతే వినిపించింది. పూర్తయింది.

తెర తెరుచుకోలేదు.

హీట్‌పంపు ఆగిపోయింది. వాసన ఘాటెక్కింది... మెడ మీద చల్లటి ఊపిరి... చెవి పక్కనే గుసగుస.

"ఆమెన్... చెప్పు..."

జోసఫిన్‌కి ఇన్నేళ్ళ కోపం గొంతులోకి వచ్చేసింది.

"ఈసారి ప్రార్థన నాది. చెప్పాల్సింది నువ్వు. చెప్పు ఆమెన్!"

గోడకి తగిలించిన గడియారం కూడా ఆగినట్టుంది...

"చెప్పు!" అని బల్ల మీద గుద్దింది.

వెనక నుంచి వచ్చింది. "ఆమెన్."

తెర తెరుచుకుంది. జోసఫిన్ వెనక్కి తిరగలేదు. మీట నొక్కి కాగితాలు పంపేసింది. చేరాయని జవాబు కూడా వచ్చేసింది. అప్పుడు ఏడ్చింది, కసిగా, గెలిచినట్టు.

ఫోనులో ప్రేమలీల నెమ్మదిగా అడిగింది. "వదినా... ఇంట్లో నువ్వొక్కదానివే కదా?"

"అవును. నేనూ, ఆయన దెయ్యమూను."

"మరి ఆమెన్ అన్నవాళ్ళు అంతమందున్నారేంటి? ఆడవాళ్ళూ... చిన్నపిల్లలూ..."

ఎవరా అంటే నాకేం తెలుసర్రా? జోసఫిన్‌కీ తెలియదు. ఆవిడ నర్సయింది, ఆ ఇంట్లోనే ఉంది. భోజనం ముందు మాత్రం, ఎవరెవరు ఆమెన్ అంటారోనని, పైకి ప్రార్థన చేయదు.

జరగండి, పప్పుకి ఇంకా తాలింపు వెయ్యలేదు.